పావు అంగుళం

క్లీవ్‌లాండ్‌లో జనవరి.
ఎరీ సరస్సు మీంచి లేచిన గాలి
మా ల్యాబు తలుపు కింద సందు వెతుక్కుంటోంది.
ఇరెనా తన పాత స్వెట్టర్ని చుట్టచుట్టి
కాలితో అక్కడికి తోసింది.
"అంతరిక్షనౌకలకి సీళ్లు చేసేది మనమే" అంది.
నవ్వలేదు.

బల్ల మీద మా పని:
చిటికెనవేలంత లావు తాడు.
పైన తెల్లటి పింగాణీ దారాల అల్లిక,
దాని కింద నికెల్ తీగ అల్లిన స్ప్రింగు గొట్టం,
గొట్టం నిండా
కాలని దూది.
పదేళ్ల కిందట ఇలాంటి మిషను మీదే
ఇరెనా బూట్ల లేసులు అల్లేది.
లేసు తెగితే మనిషి వంగి ముడేసుకుంటాడు, అంటుంది.
ఆపైన ఏమీ అనదు.

నౌక భూమికి దిగేటప్పుడు
దాన్ని మలిపే రెక్కకీ ఒంటికీ నడుమ
పావు అంగుళం ఖాళీ ఉండాలి.
లేకపోతే రెక్క కదలదు.
ఉందా, సందులో సడేమియాలా
నిప్పు దూరుతుంది.
ఈ తాడు కూర్చోవలసింది అక్కడ.
రెక్క వైపు వస్తే ఒదగాలి,
రెక్క జరిగితే వెంటనే ఉబ్బి
జాగా నింపాలి.

కొలిమి మూశాం. వెయ్యి డిగ్రీలు.
లోపల పలక దాన్ని నొక్కి, వదిలి,
మళ్లీ నొక్కి,
పక్కకి ఈడ్చి రుద్దింది.
అద్దంలో నారింజ రంగు.
ఇరెనా సాండ్‌విచ్ తింది,
నేను అంకెలు రాసుకున్నాను.

చల్లారాక తీస్తే
చూపుకి ఏమీ కాలేదు.
ఒక కొసన రెండు దారాలు లేచాయి, అంతే.
పలక నొక్కిన మేర మాత్రం
అణిగినది అణిగినట్టే ఉంది.
వేలితో కదిపాను, గిల్లాను.
లేవలేదు.

రిపోర్టులో దీనికొక గడి ఉంది,
గడిలో ఒక అంకె పడుతుంది.
కాలిందని కాదు, చిరిగిందని కాదు,
సెగ పోయాక కూడా
లొంగే ఉండిపోయిందని.

ఇరెనా అంకె చూసింది.
ఆపరేషనయిన భుజాన్ని లేచినంతవరకే లేపి
పై అరలోంచి లావు తీగ చుట్ట అందుకోబోయింది.
నేను అందించాను.
"రేపు దీంతో అల్లుతా."

వెళ్తూ తలుపు కింద స్వెట్టర్ని లాగి
దులిపింది.
పొద్దుట్నుంచీ నలిగిన ముడతలు
ఆమె తొడుక్కుంటుంటే
ఒక్కొక్కటే విప్పుకున్నాయి.
ఉన్ని కదా.

తలుపు మూసుకుంది.
చలి నేల మీద పాకుతూ వచ్చి
నా చీలమండ పట్టుకుంది.
ఇంకా నాలుగు గళ్లు నింపాలి.