కుడి అద్దం

ముప్ఫై ఆరేళ్లు లారీ తోలాను.
రోటర్‌డామ్ నుంచి మిలాన్, మిలాన్ నుంచి రోటర్‌డామ్.
అన్నాళ్లూ నా దేశం నాకు
అద్దం కింద పరుగెత్తే బూడిదరంగు చార.
కాలువ అంటే వంతెన,
వంతెన అంటే ఎర్రదీపం, ఆలస్యం, ఒక తిట్టు.

ఇప్పుడు సైకిలు.
హ్యాండిలుకి అంటించిన కాగితం పట్టీ మీద
ఫోక్యె రాసిచ్చిన అంకెలు:
నలభై రెండు, పదిహేడు, అరవై, ఎనిమిది.
ఊళ్ల పేర్లతో పనిలేదు.
స్తంభం మీద పచ్చ అంకె కనిపించేదాకా తొక్కు,
కనిపిస్తే తరవాతి అంకెకి తిరుగు.
ఇంత తేలికైన లెక్క
బతుకులో నాకెవరూ ఇవ్వలేదు.

డొక్కుమ్ వైపు దారి
రెండు చేతులూ చాపినంత వెడల్పు.
ఎడమన కాలువ, కుడిన గడ్డినేల,
నేలకన్నా కాలువే ఎత్తు.
అందుకని ఆవుల తలల మీదుగా
ఒక పడవ పోయింది.
ఆవులు మేత ఆపలేదు, వాటికిది మామూలే.
నేనే కాలు కింద పెట్టి ఆగిపోయాను,
అరవై నాలుగేళ్లవాణ్ణి,
ఇక్కడికి రెండూళ్ల అవతల పుట్టినవాణ్ణి,
నోరు తెరుచుకుని.

మోటారు లేదు. ఒక్కటంటే ఒక్కటీ లేదు.
పన్ను ఊడిన చోటుని నాలుక తడిమినట్టు
మొదట్లో నా చెవి
ఆ రొద ఉండే చోటుని తడుముకునేది.
తరవాత్తరవాత వినబడ్డాయి:
గొలుసుకి నూనె తక్కువైన సంగతి,
తడినేలలో తీతువుల తగువు,
మడ్‌గార్డుకి తగిలిన గులకరాయి,
నా మోకాలు.

గాలి గురించి చెప్పాలి.
కొండల్లేని ఈ నేలకి దేవుడు బాకీ తీర్చిన కొండ అది.
ఎదురొస్తే
ఇరవై టన్నులు లాగినవాణ్ణి
ఒక రొట్టె, ఒక చొక్కా మోయలేక మూలుగుతాను.
వీపున పడితే మాత్రం
ఆ గొప్పంతా నా కాళ్లదే అనుకుంటాను.

ఒక గేటు దగ్గర బల్ల, బల్ల మీద గుడ్లు,
డబ్బులకి మూతలేని జామ్ సీసా.
మనిషి లేడు.
నోటు వేసి చిల్లర నేనే ఏరుకుని
సరిపోయిందా అని రెండోసారి లెక్క చూసుకున్నాను.
ఎవరూ చూడని చోట పద్ధతిగా ఉండటం
అంత కష్టమేం కాదు.
ఎవరూ కనిపించని చోట... అది వేరు.

అసెన్‌లో, నవంబరు, పొద్దున ఎనిమిదింబావు.
కుడికి తిరుగుతున్నాను.
అద్దంలో ఎవరూ లేరు.
మూడు అద్దాల్లోనూ ఎవరూ లేరు.
చప్పుడు కూడా పెద్దదేం కాదు,
ఎండుకొమ్మ విరిగినంత.

పేరు యెల్ట్యె. పదకొండేళ్లు. బతికింది.
క్రిస్మస్‌కి కార్డు పంపింది,
చంకకర్రలతో తన బొమ్మ తనే గీసి,
కర్రలకి నీలంరంగు వేసి.
తప్పు నీది కాదన్నారు పోలీసులు, రాసి కూడా ఇచ్చారు.
ఆ కాగితం ఎక్కడ పెట్టానో గుర్తులేదు.
కార్డు ఎక్కడుందో తెలుసు.

పదిహేడు దాటాక దారి కాలువలో ఆగుతుంది.
అక్కడొక బల్లకట్టు, ఒక గొలుసు, ఒక చక్రం.
ఎవరికి వారే తిప్పుకుని దాటాలి.
సగం దూరంలో చక్రం ఉన్నట్టుండి తేలికైంది.
చూస్తే అవతలి గట్టున ఒకమ్మాయి
బల్లకట్టు తనకోసం అటునుంచి తిప్పుతోంది.
నాకు సాయం చేస్తున్నానని ఆమెకి తోచి ఉండదు.
ఇరవై ఆరేళ్లుంటాయేమో.
నేను దిగాను, ఆమె ఎక్కింది.
"అటు గాలెలా ఉంది?" అంది.
"నీకు వీపునే," అన్నాను.
ఎలా నడుస్తుందో చూడకూడదనుకున్నాను.
చూశాను. మామూలుగానే నడిచింది.

సైకిలుకి అద్దం లేదు.
అయినా ప్రతి మలుపులో నా చూపు
కుడివైపు, పైకి, అద్దం ఉండే ఎత్తుకి పోతుంది.
అక్కడ మబ్బు ఉంటుంది.
ఒకోసారి కొంగ.

వెనక గంట మోగింది.
పక్కకి తప్పుకున్నాను.
నలుగురు బడిపిల్లలు, వరసగా కాదు, గుంపుగా,
ఒకడు రెండు చేతులూ వదిలేసి,
నన్ను చూడకుండానే దాటిపోయారు.

చక్రాలు నేలకి గీసిన తడిగీతలు నాలుగూ
ఎండేదాకా నిలబడ్డాను.
ఎనిమిది ఇంకా కనిపించలేదు.