గ్రహణం పట్టని ఏడు

మా మాటలో తాత్ అంటే తండ్రి,
నాన్ అంటే తల్లి.
నా కూతురు పెత్రోనాకి అంగిలి చీలి ఉంది.
త అనబోతే గాలి ముక్కులోకి జారిపోయి
న అవుతుంది.
మాటలు వచ్చినప్పటి నుంచీ
నన్నూ నాన్ అనే పిలిచేది.

మొమొస్తెనాంగో ఆదివారం సంతలో
కంబళ్ళ వరస మధ్య నా చొక్కా అంచు పట్టుకుని
నాన్, నాన్ అంటుంటే
ఉన్నిబేరగాడు సిల్వెరియో పగలబడి నవ్వాడు:
"ఏం గాస్పర్, పాలు కూడా నువ్వే ఇస్తున్నావా?"
ఆ రోజు దాన్ని మూటల వెనక కూర్చోబెట్టాను.
పై ఆదివారం ఇంట్లోనే ఉంచాను.

పుట్టిన రాత్రి మంత్రసాని
బిడ్డని దీపం దగ్గరికి తెచ్చింది,
వెంటనే దీపాన్ని దూరం జరిపింది.
పై పెదవి ముక్కుదాకా
కుట్టు విడిచిన గోనెమూతిలా ఉంది.
"గ్రహణం మొర్రి" అంది.
ఆ మాటతో తప్పు తోమాసా ఒడిలో పడింది.
కడుపుతో ఉండి బయట తిరిగావా?
నడుముకి ఎర్రదారం కట్టుకున్నావా?
చంద్రుణ్ణి మింగుతుంటే చూశావా?
మా అమ్మ అడిగింది, పక్కింటివాళ్ళు అడిగారు,
అందరికంటే గట్టిగా నేను అడిగాను.

తోమాసా ఒప్పుకుంది.
గొర్రె ఈనుతుంటే ఒక రాత్రి దొడ్లోకి వెళ్ళిందట.
చంద్రుడు ఎర్రగా ఉన్నట్టే ఉన్నాడట.
అడగ్గా అడగ్గా
ఎవరికైనా గుర్తొస్తుంది.

తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి.
తోమాసా రాత్రంతా కూర్చుని
చెంచాతో చుక్కచుక్కగా పోసేది.
నేను మగ్గం గదిలో పడుకునేవాణ్ణి.
జ్ఞానతండ్రిగా నిలబడతానన్న మా బావమరిదికి
సరిగ్గా ఆ ఉదయమే కడుపునొప్పి వచ్చింది.
వేడినీటి బుగ్గ దగ్గర కంబళ్ళు తొక్కే ఆడవాళ్ళు
తోమాసా కనపడగానే
నెలలు నిండిన కోడళ్ళని లేపి
ఇంకో బండ మీదికి పంపేవాళ్ళు.
నీలం శాలువా చివర
ఎప్పుడూ పిల్ల నోటి మీదే ఉండేది.
తినేటప్పుడు మాత్రం గోడవైపు తిప్పేవాళ్ళం.

మొన్న అద్దకం లెక్కలు వెతుకుతుంటే
మందులకొట్టువాడు ఊరికే ఇచ్చిన
ఆ ఏటి క్యాలెండరు దొరికింది.
వెనక నా లెక్కలు, ముందు చంద్రుళ్ళు.
నెల నెలా వేలు పెట్టి చూశాను.
పున్నములున్నాయి, అమావాస్యలున్నాయి,
గ్రహణం గుర్తు లేదు.
లాంతరు వత్తి పెంచి మళ్ళీ చూశాను.
ఆ ఏడు ఆకాశంలో ఏమీ జరగలేదు.
జరిగిందంతా మా నోళ్ళలోనే జరిగింది.

తోమాసాకి ఇంకా చూపించలేదు.
చూపిస్తే,
ఒప్పుకున్న ఆ రాత్రిని
ఆవిడ ఏం చేసుకుంటుంది?

రాజధానిలో పెదవి కుట్టారు.
కుట్టు నాకు తెలిసిన పని కనుక
దగ్గరికి వంగి చూశాను.
నేనైతే అంత సన్నగా వెయ్యలేను.
అంగిలికి మళ్ళీ రమ్మన్నారు,
వానలు తగ్గాక, పిల్ల కాస్త ఒళ్ళు చేశాక.
దారిఖర్చులకి రెండు కంబళ్ళు,
ఒకటి అమ్ముడుపోయింది.

ఈ ఆదివారం శాలువా లేకుండా తెచ్చాం.
కొంతమంది చూశారు,
కొంతమంది చూడనట్టు మరీ ఎక్కువ చూశారు.
పెత్రోనా తిరుగుతూ తిరుగుతూ
సంత ఆ చివరికి పోయింది.
ఎవరో ఇచ్చిన అరటిపండు పైకెత్తి ఊపుతూ
"నాన్!" అని ఒక్క కేక పెట్టింది.
తోమాసా తలెత్తింది.
నేనూ తలెత్తాను.
ఎవర్ని పిలిచిందో ఇద్దరం అడగలేదు.

"ఆఁ" అన్నాను నేను,
వరసంతా వినపడేట్టు.
నిజం చెప్పొద్దూ,
ఒకసారి సిల్వెరియో వైపు చూసే అన్నాను.