కుట్టు లోపలి గుడ్డ

రాత్రి పదకొండు దాటాక
కృష్ణానగర్ మా గల్లీలో కరెంటు నిలకడగా ఉంటుంది.
కింద మిర్చిబండి మూకుడు తోముతున్న చప్పుడు.
పైన నేనూ, రెండు తెరలూ,
మొన్న ముషీరాబాద్ డిపోలో రిటైరైన ఒక బస్సు డ్రైవరూ.

పేరు బాల్నర్సయ్య. ముప్పై మూడేళ్ల సర్వీసు.
అదంతా ఇప్పుడు నా టైమ్‌లైన్ మీద
నాలుగు వరసల్లో పడుకుని ఉంది.
పైన స్టేజీ కెమెరా, దాని కింద పక్క కెమెరా,
ఆ కింద ఎవరో మనవరాలు
ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన తుంపులు,
అన్నిటికీ అడుగున పచ్చటి దువ్వెనలా శబ్దం.
ఒకచోట మాత్రం దువ్వెనకు పళ్లు లేవు.

శాలువాలు పదిహేడు. తలా రెండు సెకన్లు చాలు.
మేనేజరు గారి ఉపన్యాసం మీద నాకు జాలి లేదు,
"ఈ శుభ సందర్భంలో" దగ్గర కోసి
"ధన్యవాదాలు"కి అతికించాను.
ఎవరూ కనిపెట్టరు, ఆయన తప్ప.
భోజనాల దగ్గర ఒకతను కెమెరాని చూసి
నోటిదాకా వచ్చిన బగారా ముద్దని
సిగ్గుపడి మళ్లీ విస్తట్లో పెట్టేశాడు.
అది ఉంచాను. నా కోసం.

తర్వాత పెద్దాయన మైకు ముందుకొచ్చాడు.
"అందరికీ నమస్తే" అన్నాడు.
ఆ పైన
పందొమ్మిది సెకన్లు
ఏమీ అనలేదు.
ఎడమ చెయ్యి మాత్రం నడుము పక్కన
గాల్లో దేన్నో పట్టుకుని ముందుకు తోసింది.
గేరు రాడ్డని
నాలుగోసారి చూస్తే గాని నాకు వెలగలేదు.
"గంతే" అని దిగిపోయాడు.

అల్లుడు సాయంత్రమే ఫోన్ చేశాడు:
"గా నడుమ ఖాళీ ఉన్నది చూడుండ్రి మేడం, తీసేయుండ్రి.
మామకు మాటలు రావని నలుగురు నవ్వుతరు."

తీసేశాను. ఒక్క మీట.
ముందున్నదీ వెనకున్నదీ జరిగొచ్చి అతుక్కున్నాయి.
"అందరికీ నమస్తే, గంతే."
శుభ్రంగా ఉంది.
ముప్పై మూడేళ్లలో ఒక్క సిగ్నలూ పడనట్టుంది.

మా అమ్మ బోరబండలో జాకెట్లు కుడుతుంది.
కత్తెర నా చేతికిచ్చిన రోజు ఒకటే చెప్పింది:
"కొలత మీద కొయ్యకే పిల్లా.
కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ విడువు.
రేపు మనిషికి ఒళ్లొస్తది,
ఇప్పుకునెతందుకు జాగా ఉండాలె."
ఆ గుడ్డ బయటికి కనిపించదు. దానికి కూలీ రాదు.
నాకు కత్తెర పొసగలేదు, మౌస్ పట్టాను.
అమ్మ లెక్కలో ఇప్పటికీ
నాది కుట్టు తెలియని కోత.

వెనక్కి నొక్కాను.
పందొమ్మిది సెకన్లు మళ్లీ నోరు తెరిచాయి.
ఈసారి బొమ్మ ఆర్పేసి
చెవులు మాత్రం పెట్టి విన్నాను.
షామియానా కింద ఫ్యాను, ఒక రెక్క వంకర.
గంటెల మోత. ఎవరో పిల్లాడి దగ్గు.
దూరంగా గేటు దగ్గర ఒక బస్సు స్టార్టయి
మొదటి గేరులో పడటం.
బొమ్మ మళ్లీ వెలిగించాను:
చెయ్యి కదిలింది సరిగ్గా అక్కడే.
ఎవడో కొత్త కుర్రాడు కాబోలు,
క్లచ్ తొందరపడి వదిలాడు, ఇంజను ఎగిరిపడింది.
మైకు ముందు బాల్నర్సయ్య
కనుబొమలు ముడిచాడు.
బస్సు మలుపు తిరిగేదాకా ఆగి,
అప్పుడు అన్నాడు, గంతే.

అల్లుడు అడిగింది అడిగినట్టే ఇచ్చాను.
నమస్తేకీ గంతేకీ మధ్య వెంట్రుక కూడా దూరదు.
కాకపోతే
"శుభం" పడి,
మా స్టూడియో ఫోన్ నంబరు కూడా పోయాక,
రెండు వేళ్లంత నల్లటి తెర వదిలి
ఆ పందొమ్మిదీ అక్కడ పెట్టాను.
బస్సు చప్పుడు కొంచెం పెంచాను కూడా,
అది తప్పో ఒప్పో నాకు తెలియదు.

బిల్లులో రాయలేదు.
ఇంట్లో ఎవరైనా ఒకరోజు
టీవీ ఆపడం మరిచిపోతే కనబడుతుంది.