కింద బిసోయి గారు నిద్రపోతున్నారు

రాయగడ రైల్వే క్వార్టర్సులో మాది పై వాటా.
కింద గూడ్సు డ్రైవరు బిసోయి గారు,
రాత్రంతా ఘాటు దిగీ దిగీ
పగలు పడుకుంటారు.

టేపు పెట్టి కొలిచాను:
బీరువాకీ కుట్టుమిషనుకీ మధ్య
మూడడుగుల తొమ్మిదంగుళాలు.

కొట్టువాడు మొత్తం రబ్బరుదే చూపించాడు.
"చీమక్కూడా వినపడదు, దీదీ."
కర్ర ఆనించాను. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

మూల ఇంకోటి, పొట్టిది, సగం సగం:
టామ్‌లకి వలగుడ్డ,
చిల్లుల తాళాలు, వాన వెలిశాక చూరు కారినంత సద్దు,
స్నేరు ఒక్కటీ నిజం డ్రమ్మే, కడుపులో సెన్సారు.
తట్టాను.
చర్చిలో అరువు డ్రమ్సు మీద నేర్చిన చెయ్యి
ఇంటిపేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడింది.

ఎనిమిది వేలు ఎక్కువ. చీటీ పాడేశాను.

స్నేరు మీద తువ్వాలు, పెడలు కింద రెండు బొంతలు,
వాటి కింద లారీ ట్యూబు.
హెడ్‌ఫోన్సులో నాకు తుఫాను,
గదికి టపటప.

నెల తిరిగాక మెట్ల మీద
ఆయన భార్య కుంతల ఆపింది.
నా గొంతు ఎండిపోయింది.

"మధ్యాన్నం మీరేం చేస్తారో గానీ
మా ఆయన నిద్దట్లో కుడికాలు ఆడిస్తారు.
బుధవారాలే ఎందుకో
తప్పుతున్నారు."

బుధవారాలు
నేను కొత్తది నేర్చుకుంటాను.