నిమిషానికి డెబ్బై ఎనిమిది

అతన్ని మేం ఎప్పుడూ చూళ్ళేదండీ.
అతని కథంతా మాకు
లేసు ఆర్డర్ల అడుగున వచ్చేది.
పన్నెండు డజన్ల బల్లగుడ్డలు, ఆరు డజన్ల దిండు అంచులు,
ఆ కింద వేరే సిరాతో రెండు ముక్కలు:
మా ఆల్బర్టు ఓడరేవులో పని మానేశాడు.
గిటారు పట్టుకుని నడుం ఊపుతున్నాడు.
వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను.

నర్సాపురంలో, శనివారం, సరుకు అప్పజెప్పే వేళ,
షావుకారు గారి అరుగు మీద
గుమాస్తా పరంజ్యోతి కళ్ళజోడు తుడుచుకుని చదివేవాడు.
సముద్రం ఒడ్డున ఏదో ఊరు, ఆవిడకి అక్కడ గుడ్డల కొట్టు.
ఆ ఊరి పేరు ప్రతిసారీ ఒక్కోలా పలికేవాడు.

మూడో ఉత్తరానికి కుర్రాడి పేరు పోయింది.
ఆల్బర్ట్ పిమ్ అంటే టిక్కెట్లు తెగవని
చుట్ట కాల్చే మేనేజరెవరో
డెన్నీ గేల్ అని పెట్టాడట.
గేలమా? చేపలు పట్టేదా? అంది మా అమ్మమ్మ రాహేలమ్మ.
కాదమ్మా, పెనుగాలి.
అరుగంతా నవ్వింది.
గాలి పేరు బిడ్డకెవరు పెట్టుకుంటారయ్యా!
మాకు గాలంటే తాటాకు లేచిపోయిన ఇల్లు,
కాలవలో తేలిపోయిన కోళ్ళ గంప.

ఆ ఏడే వింత ఆర్డరు. మగవాడి చొక్కాకి.
రొమ్ము మీద మూడు వరసల కుచ్చు,
మణికట్లకి రెండేసి మడతలు.
మగాడికి లేసేంటని ముక్కున వేలేసుకుని,
ఆ వేలు తీసి మళ్ళీ అల్లి,
ఆరు వారాలు.
మూరకి మూడణాలు.
నాకు తొమ్మిదేళ్ళు. ఎడమ మణికట్టు నాది.

ఫొటో వచ్చింది.
నూనె రాసి పైకెత్తిన జుట్టు, ఓ పక్కకి వంగిన మూతి,
కింద ఆడపిల్లల చేతులు
గాలికి ఒరిగిన వరిచేనులా.
అమ్మమ్మ అతని మొహం చూళ్ళేదు.
ఫొటోని ఎండకేసి పట్టి
"ఇక్కడ ఒక కన్ను తప్పింది" అని
నా నెత్తిన మొట్టింది.

క్రిస్మస్‌కి పార్శిల్లో రికార్డు పెట్టి పంపింది ఆవిడ.
మైకుసెట్టు సత్యానందం చర్చి ముందర
కొబ్బరిచెట్టుకి బూర కట్టి వేశాడు.
అమ్మో, ఏం పాటండీ!
ఉడత గొంతు. ఊపిరి తీయని పరుగు.
పాస్టరు గారు కుర్చీలోంచి లేచారు, మళ్ళీ కూర్చున్నారు.
పిల్లలం ఇసకలో దొర్లి దొర్లి గెంతాం.
నాలుగుసార్లకి ఇనప సూది పాటని దున్నేసింది.
అదే అతని గొంతనుకున్నాం, చాన్నాళ్ళు.
ఆ పరుగు మీదే అల్లేదాన్ని నేను,
కొక్కెం, ముడి, కొక్కెం, ముడి,
మా వాడలో నా అంత వేగం ఎవరికీ లేదు.

ఆ తర్వాత ఉత్తరాలు పొట్టివైపోయాయి.
నలుగురేసి కుర్రాళ్ళు జట్లుగా దిగారట,
పాటలు వాళ్ళే రాసుకుంటారట,
చొక్కాలకి కుచ్చులుండవట.
డెన్నీ ఎండాకాలం హోటల్లో పాడతాడు, భోజనాలప్పుడు.
డెన్నీ పిల్లల నాటకంలో గుర్రానికి వెనక కాళ్ళు.
ఆఖరి దాంట్లో మళ్ళీ ఆల్బర్టు అనే రాసింది.
కొట్లో కూచుంటున్నాడు, గుడ్డ కొలవడం చక్కగా వచ్చింది.
ఆర్డరు, మూడు డజన్లు.
పరంజ్యోతి కాగితం మడిచి
ఈసారి కళ్ళజోడు తుడుచుకోలేదు.

మొన్న భీమవరంలో
రిటైరైన లెక్చరరు గారి దగ్గర పాత మిషనుందంటే
ఆటోలో తీసుకెళ్ళాను, పాత చీరలో చుట్టి.
ఆయన లేబిలు చూసి అన్నారు,
ఇది నిమిషానికి నలభై అయిదు తిరగాలమ్మా,
మీరు డెబ్బై ఎనిమిదిలో విన్నారు.

వేశారు.
చింతపిక్కలు వేగుతున్న చప్పుడు,
దాని వెనక మగగొంతు,
బరువుగా, అక్కడక్కడా శ్రుతి తప్పుతూ.
ఇరవై ఏళ్ళుంటాయేమో అప్పటికి.
పాట మధ్యలో ఒకచోట ఊపిరి తీసుకున్నాడు.
అది మాకు అప్పుడు వినబడలేదు.

ఇంకోసారి వెయ్యమంటారా, అన్నారాయన.
వద్దండీ అన్నాను.
కుర్చీలో నా ఎడమ మణికట్టు మీద
కుడిచేతి వేళ్ళు
నెమ్మదిగా
ఆ ఒక్క కన్నూ వెతుక్కుంటున్నాయి.