జవాబులు చివరి పేజీలో

దొరస్వామి ప్రెస్సువాళ్ళు లెక్కకు నలభై రూపాయలిస్తారు,
సాధనతో సహా. బొమ్మ గీస్తే ఇంకో పది.
చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, మేడ మీది రేకుల గదిలో
పరీక్షల ముందు నెల్లాళ్ళూ
నేనొక చిన్న దేశాన్ని నడుపుతాను.
దాని ఆదాయం వై. వినియోగం సీ.
అక్కడ ఎండ తగలదు, ఎవరికీ జ్వరం రాదు,
ప్రభుత్వం వంద కోట్లు వదిలితే
అయిదు వందలై బుద్ధిగా తిరిగొస్తాయి.

మూడో లెక్క తేలికది.
రైతు కిలో మామిడి ఆరు రూపాయలకు అమ్మాడు,
గుజ్జు ఫ్యాక్టరీ ఇరవైకి,
సీసాలో పోసినాయన యాభైకి.
దేశానికి కలిసిన విలువెంత?
డెబ్భై ఆరంటే తప్పు.
ఒకే కాయను మూడుసార్లు లెక్కపెట్టకూడదు.
ఆరు, పద్నాలుగు, ముప్పై. యాభై.
కింద రెండు గీతలు గీశాను.

ట్యూషన్‌లో మునికుమారి చెయ్యెత్తింది.
దామలచెరువు పిల్ల, రెండెకరాల తోతాపురి తోపు.
"కోతకూలి కిలోకి రెండున్నర మేడమ్,
ట్రాక్టరు బాడుగ ఒకటిన్నర.
ఫ్యాక్టరీ గేటు కాడ మూడు రాత్రులు పడుకున్నాడు మా నాయన.
నాలుగో పొద్దు కాయ మెత్తబడిందని గేటేసేసినారు.
ట్రాలీ ఎత్తి రోడ్డు పక్కన పోసేసినాడు.
అది ఏ గడిలో రాయాల?"

అమ్ముడుపోని సరుకు నిల్వల పెట్టుబడి కదా
అని మొదలుపెట్టి, ఆగాను.
పుస్తకంలో నిల్వలకు ఈగలు ముసరవు.
రెండోరోజుకు ఆవులు కూడా మూతి తిప్పుకున్నాయంట.

ఏడో లెక్క గుణకం. నాకిష్టమైనది.
చేతికొచ్చిన రూపాయిలో ఎనభై పైసలు ఖర్చయితే
ఒకటిలోంచి సున్నా పాయింట్ ఎనిమిది తీసెయ్,
మిగిలినదానితో ఒకటిని భాగించు. అయిదు.
వెయ్యి రూపాయల కూలి
ఎనిమిదొందలై కిరాణా కొట్టుకు,
ఆరొందల నలభై అయి బెల్లం మండీకి,
అయిదొందల పన్నెండై చెరుకు కొట్టినవాళ్ళకు,
సన్నబడుతూ సన్నబడుతూ ఊరంతా తిరుగుతుంది.
డబ్బు నడిచే చప్పుడు వినపడే లెక్క ఇదొక్కటే.

వెనక బెంచీ నుంచి చెంగల్రాయులు, నవ్వకుండా:
"మా ఇంట్లో వచ్చింది వచ్చినట్టే పోతాది మేడమ్,
పైసా మిగల్దు. అప్పుడు గుణకమెంత?"
ఒకటిలోంచి ఒకటి సున్నా.
సున్నాతో భాగించకూడదు.
"అంటే అంతే లేదా? మా యమ్మకు చెప్పాల,
దేశాన్ని మనమే లాగతా ఉండామని."
గదంతా నవ్వింది. వాడు నవ్వలేదు.
"అప్పు తెచ్చి, వందొస్తే నూటిరవై పెట్టేవాళ్ళకు?"
బోర్డు మీద వేశాను.
మైనస్ అయిదు.
సుద్దముక్క వేళ్ళలోనే విరిగింది.

రాత్రి పన్నెండో లెక్క రాస్తున్నాను.
పనిచేసేవాళ్ళూ పని వెతికేవాళ్ళూ కలిపి అరవైమంది,
అందులో ఆరుగురికి పని లేదు. నూటికి పది.
ఒకడు విసిగి వెతకడం మానేస్తే?
అయిదును యాభై తొమ్మిదితో భాగించు,
ఎనిమిదిన్నర కూడా లేదు. రేటు తగ్గింది.
కింద మెట్ల మీద మా తమ్ముడు పురందర
పెట్రోలు లేని బైకును తుడుస్తున్నాడు.
ఉగాది నుంచి వాడు ఎక్కడా అడగడం లేదు.
తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

దొరస్వామి ఫోను: "సాధనలు పొట్టిగా ఉండాల మేడమ్,
కాగితం రేటు తెలుసు కదా."
సరేనన్నాను. మూడోదీ ఏడోదీ కత్తిరించాను.
చివర ఇరవై ఒకటో లెక్క ఒకటి చేర్చాను:
రోడ్డు పక్కన ఒక ట్రాలీ మామిడి,
వందకు నూటిరవై పెట్టే ఇల్లు, బైకు తుడిచే మనిషి.
ఈ ముగ్గురున్న దేశపు ఆదాయం కనుక్కోండి.
జవాబుల పేజీలో దాని ఎదురుగా
విద్యార్థికే వదలబడినది, అని రాశాను.

సాధన లేని లెక్కకు నలభై రావు.
ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాను.