కన్ను కొలత

కురుపాం మార్కెట్ దాటాక
మందుల కొట్టు పక్కన మూడడుగుల షాపు నాది.
వాసుపల్లి ఎల్లాజీ వచ్చి కూర్చున్నాడు,
గోళ్ళ సందుల్లో నైలాను పోగులతో.

"కదలకు తాతా, నా ఎడమ కన్నే చూడు."
కుడి కన్ను మూసి, స్కేలు అతని ముక్కు మీద ఆనించాను.
సున్నా ఒక పాప నడిమధ్య.
ఇప్పుడు ఈ కన్ను.
అరవై ఆరు.

నా ముక్కు కొస చూడమంటే
పాపలు రెండూ లోపలికి జరిగాయి.
అరవై మూడు.
దగ్గరికి చూడాలంటే ఎవరికైనా అంతే,
ఆ కాస్త జరగాలి.
ఇరవై రెండేళ్ళుగా కార్డుల మీద రాస్తున్నా,
ఎప్పుడూ ఆగి చదువుకోలేదు.

"ఏటి బాబూ కొలస్తన్నావు?"
"కళ్ళ మధ్య ఎడం. తప్పితే మెట్టు ఉన్నచోట ఉండదు."

నవ్వి, నడుం దగ్గర్నుంచి
వెదురు బద్ద తీశాడు, వేలెడు, అంచులరిగింది.
"నాదీ అదే పని గదేటి.
వలకి కన్నేసేది దీని మీదే.
కన్ను పెద్దదైతే కవళ్ళు జారిపోతాయి,
సిన్నదైతే సంద్రం సంటిపిల్లలూ పడిపోతాయి."

అడక్కుండానే దాన్ని నా ముక్కు మీద పెట్టాడు.
ఉప్పు వాసన, బీడీ వాసన.
"ఒక కన్ను ముయ్యకు. రెండూ తెరిసి సూడు."

మనిషిని ఇంత దగ్గర్నుంచి
రెండు కళ్ళతో చూసి ఎన్నాళ్ళైందో.
అతని పాపల్లో నా ట్యూబులైటు, వణుకుతూ.

"ఎంతొచ్చింది తాతా?"

"కవళ్ళు నిలవ్వు బాబూ, నీ కంట్లో."

వంద అడ్వాన్సిచ్చి
శుక్రవారం వస్తానన్నాడు.
వల పని తెగకపోతే, శనివారం.